వలకు సీసం గుళ్ళు పోసేటప్పుడు అచ్చు వేడి, పాత్ర వేడి

బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఊరి నుంచి మీరు రాసినదాన్ని బట్టి మీ సందేహాలు ఇవి. ఆరడుగుల విసురు వలకూ, సముద్రంలో వేసే నైలాన్ వలకూ సీసం గుళ్ళు ఇంటి దగ్గరే పోసుకోవాలనుకుంటున్నారు. మీ నాన్నగారు వాడిన మట్టి అచ్చులో పోస్తే గుళ్ళు ముడతలు పడుతున్నాయి, కొన్ని సగమే నిండుతున్నాయి. మంట ఎంత పెంచినా ఫలితం లేదంటున్నారు. పాత బ్యాటరీల సీసం వాడవచ్చునా అనీ, ఏ పనిముట్లు కొనాలి, ఏవి చేయించుకోవాలి అనీ అడిగారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోయే 61 రోజుల్లోనే గోపాల్‌పూర్ నుంచి బారువ దాకా చాలా పేటల్లో వలల మరమ్మతులూ, వాటితోపాటే ఈ సీసం పనీ జరుగుతాయి కాబట్టి, మీతోపాటు మరికొందరికి కూడా ఉపయోగపడేలా కొంచెం వివరంగానే రాస్తున్నాను. నేను ఈ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను, కుర్రవాళ్ళకు నేర్పుతున్నాను.

మిగిలిన సమాధానాలన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి ముడతల సంగతి ముందు చెబుతాను. సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చల్లగా ఉన్న అచ్చులోకి పోయగానే గోడలను తాకిన సీసం క్షణంలో పలుచని పొరగా గడ్డకడుతుంది. దాని వెనుక వచ్చే సీసం ఆ పొరలో కలవకుండా దానిమీద జారి మరొక పొర కడుతుంది. ఆ రెండు పొరల మధ్య గీతే మీకు ముడతగా కనిపిస్తున్నది. అచ్చులోని సన్నని భాగం నిండకముందే మూతి గడ్డకట్టితే సగం గుండు వస్తుంది. ఇది చూసినవారిలో ఎక్కువమంది సీసం వేడి చాలలేదనుకొని పాత్ర కింద మంట పెంచుతారు. మీరు చేసిందీ అదే. నిజానికి లోపం పాత్రలో లేదు, అచ్చులో ఉంది. అచ్చు 170 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటే, 360 నుంచి 380 డిగ్రీల దగ్గర ఉన్న సీసం ఏ మూలకైనా చక్కగా పారుతుంది. అచ్చు చల్లగా ఉంటే సీసాన్ని 500 డిగ్రీలకు తీసుకువెళ్ళినా మొదటి కొన్ని గుళ్ళు పాడవుతూనే ఉంటాయి.

మంట పెంచడం వల్ల పని చెడటం ఒక్కటే అయితే నేను ఇంతగా చెప్పను. వేడి పెరిగేకొద్దీ సీసం పైన బూడిదరంగు తెట్టు వేగంగా కడుతుంది, 480 డిగ్రీలు దాటిన తర్వాత సీసపు ఆవిరి కూడా లెక్కలోకి తీసుకోవలసినంతగా లేస్తుంది. ఆ తెట్టు పొడి అయి, ఆ ఆవిరి సన్నని ధూళి అయి మనిషి ఒంట్లోకి చేరతాయి. అంటే ముడతలు పోగొట్టాలని పెంచిన మంట ముడతలను పోగొట్టదు సరికదా, విషాన్ని మాత్రం పెంచుతుంది. అందుకే నా దగ్గర నేర్చుకునే కుర్రవాళ్ళకు నేను మొదట చెప్పే మాట, గుళ్ళు బాగా రాకపోతే చెయ్యి పొయ్యి వైపు కాదు, అచ్చు వైపు వెళ్ళాలని.

అచ్చును వేడి చేయడానికి సులువైన పద్ధతి ఉంది. పొయ్యి పక్కన ఒక మందపాటి ఇనుప రేకు పెట్టి, సీసం కరుగుతున్నంతసేపూ అచ్చును ఆ రేకుమీద ఉంచండి. సీసం తయారయ్యేసరికి అచ్చు కూడా దాదాపు సిద్ధమవుతుంది. తర్వాత వరుసగా, మధ్యలో ఆగకుండా కొన్నిసార్లు పోసి, వచ్చిన గుళ్ళను చూడకుండానే పక్కన పెట్టి చివర్లో మళ్ళీ కరగబెట్టండి. ఆ పోతలు అచ్చును వేడెక్కించడానికే. ఆపై పోత లయ తప్పకూడదు. అచ్చు నింపడం, గడ్డకట్టేదాకా ఆగడం, తెరవడం, మూయడం, మళ్ళీ నింపడం ఒకే వేగంతో సాగితే అచ్చు వేడి తనంతట తాను నిలకడగా ఉంటుంది. మధ్యలో ఫోను వచ్చి కాసేపు ఆగితే మళ్ళీ ముడతలు మొదలవుతాయి.

అచ్చు చెప్పే గుర్తులను చదవడం అలవాటు చేసుకోవాలి. గుండు మీద ముడతలు, గుండ్రబడిన అంచులు ఉంటే అచ్చు చల్లగా ఉన్నట్టు. గుండు మెరుపు లేకుండా, మంచు పట్టిన గాజులా పాలిపోయి, అచ్చులోంచి రావడానికి మొరాయిస్తే అచ్చు మరీ వేడెక్కినట్టు. అప్పుడు అచ్చును తెరిచి ఎండిన చెక్క పలకమీద కాసేపు ఉంచితే చాలు. నీళ్ళలో ముంచడం, తడిగుడ్డతో తుడవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అన్ని గుళ్ళూ బాగుండి ఒకే చోట ఒక గుంట మాత్రం ప్రతిసారీ సగం నిండుతుంటే అది వేడి సమస్య కాదు, గాలి బయటికి పోవడానికి దారి లేదు. రెండు పలకలు కలిసే ముఖం మీద ఆ గుంట నుంచి బయటికి సూదిమొనతో వెంట్రుకవాసి గీత గీస్తే సరిపోతుంది. గుండు పైభాగంలో లోతైన సొట్ట పడుతుంటే, సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతున్నా దానికి పైనుంచి అందవలసిన సీసం అందడం లేదన్నమాట. అచ్చు పైభాగాన సీసం పోసే తొట్టిని కొంచెం లోతు చేయించాలి.

వేడిని కొలవడానికి మంచి థర్మామీటరు మీద కొంత ఖర్చు పెట్టండి. తీగ కొనను సీసంలో ముంచి చూసే కె టైపు థర్మోకపుల్ మీటరు నాకు ఈ పనిలో అన్నింటికన్నా ఇష్టమైన పనిముట్టు. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ మీటరును కరిగిన సీసం మీద నమ్మవద్దు. మెరిసే లోహం తన వేడికి తగినంత కిరణాలను వెలువరించదు కాబట్టి అది అసలు వేడికన్నా చాలా తక్కువ చూపిస్తుంది, అది చూసి మీరు ఇంకా మంట పెంచుతారు. అచ్చు బయటి వైపు వేడి చూడటానికి మాత్రం, దీపపు మసి పట్టించిన నల్లని చోట గురిపెడితే, అది పనికివస్తుంది.

ఇక పాత్ర. ఐదు కిలోల సీసం అర లీటరు కూడా ఉండదు, 440 మిల్లీలీటర్ల చోటులో ఇమిడిపోతుంది. అందువల్ల పెద్ద గిన్నె అవసరం లేదు. అవసరమైంది మందం, నిలకడ. ఐదారు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప గొట్టపు ముక్కకు అదే మందం గల అడుగు పలకను చుట్టూ వెల్డింగ్ చేయించి, రెండు వైపులా పట్టకారు పట్టడానికి చెవులు పెట్టించుకుంటే తరతరాలు వస్తుంది. నెయ్యి డబ్బాలు, పాలపొడి డబ్బాలు వాడేవారిని ఈ తీరంలో ఇంకా చూస్తున్నాను. పాత డబ్బాల అతుకుల్లో ఉండే టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, సీసం కరగకముందే డబ్బా అడుగు ఊడుతుంది. అల్యూమినియం గిన్నెలు, జింకు పూత వేసిన బకెట్లు కూడా వద్దు. ఐదు కిలోల సీసాన్ని కరిగించడానికి, అంతే బరువున్న నీటిని మరిగించడానికి కావలసిన వేడిలో దాదాపు ఐదోవంతు చాలు. కొబ్బరి చిప్పల బొగ్గుతో చిన్న కొలిమి పెట్టినా, గ్యాసు పొయ్యిని సన్నని మంటమీద ఉంచినా పని జరిగిపోతుంది. అయితే ఆ గ్యాసు పొయ్యి వంటింటిది కాకూడదు. ఈ పనికి వేరే పొయ్యి, వేరే సిలిండరు, ఇంటికి దూరంగా, మూడు వైపులా గాలి ఆడే పాక కింద ఉండాలి. పాత్ర కింద, చుట్టూ ఎండిన ఇసుక పరిచిన ఇనుప పళ్ళెం ఉంచితే ఒలికిన సీసం అందులోనే ఆగుతుంది. సిమెంటు గచ్చుమీద నేరుగా ఒలికితే గచ్చులోని తేమ వల్ల సీసం చిందుతుంది.

పని అయిపోయాక పాత్రలో సీసాన్ని గడ్డకట్టనివ్వకండి. మర్నాడు కింద నుంచి మంట పెట్టినప్పుడు అడుగు సీసం ముందు కరిగి వ్యాకోచిస్తుంది, పైన గడ్డ మూతలాగా అడ్డం ఉంటుంది, చివరికి ఏదో ఒక పక్క నుంచి సీసం ఎగదన్నుతుంది. మిగిలినదంతా ఎల్ ఆకారపు ఇనుప ముక్కతో చేసిన గాడిలో పోసి చిన్న కడ్డీలుగా చేసి దాచుకోవడమే మంచిది.

గరిటె గురించి ఒక్క మాట. మామూలు గరిటెతో ముంచితే పైనున్న తెట్టు కూడా అచ్చులోకి పోతుంది. గరిటె నోటికి పైనుంచి అడ్డంగా ఒక రేకు ముక్కను, అడుగున సన్నని సందు వదిలి, వెల్డింగ్ చేయించండి. సీసం ఆ సందులోంచి అడుగునుంచే వస్తుంది, తెట్టు రేకు వెనుక ఆగిపోతుంది. పిడి పొడవుగా, చివర చెక్క తొడుగుతో ఉండాలి. ఈ చిన్న మార్పు తర్వాత గుళ్ళలో నల్లని మచ్చలు పూర్తిగా పోవడం మీరే చూస్తారు.

మట్టి అచ్చు గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. పూర్వం అదే దారి, తప్పు లేదు. కాని మన తీరపు గాలిలో మట్టి రాత్రికి రాత్రే చెమ్మ పీలుస్తుంది, పోసిన ప్రతిసారీ చితుకుతుంది, ఒక గుండుకూ మరొకదానికీ బరువు కుదరదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చు మరీ మోసపూరితమైనది. చేతికి పొడిగా తగిలినా, గట్టిపడిన ఆ ప్లాస్టరు అణువుల్లోనే నీరు ఇమిడి ఉంటుంది, వేడి సీసం తగలగానే ఆ నీరు ఆవిరై సీసాన్ని చిమ్ముతుంది. బలపపు రాయి వేడికి పగలదు, కత్తితో చెక్కవచ్చు, పది ఇరవై గుళ్ళు కావలసిన వారికి అది చాలు. మీకు వందల్లో కావాలి కాబట్టి అల్యూమినియం అచ్చు చేయించుకోండి. అల్యూమినియం 660 డిగ్రీల దాకా కరగదు, వేడిని త్వరగా తీసుకుంటుంది, త్వరగా వదులుతుంది, సీసం దానికి అంటుకోదు.

బరంపురంలో గాని, పలాసలో గాని లేతు, డ్రిల్లు ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా ఇది చేస్తారు; వారికి చెప్పవలసిన వివరం ఇది. 20 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల ఎత్తు, 170 మిల్లీమీటర్ల పొడవు గల రెండు అల్యూమినియం పలకలను ముఖాలు నున్నగా చేసి ఒకదానికొకటి ఆనించి బిగించాలి. రెండు చివర్ల ఉక్కు పిన్నులు దించి, విప్పి మూసిన ప్రతిసారీ పలకలు అదే చోట కూర్చునేలా చేయాలి. బిగించి ఉండగానే, పలకలు కలిసిన గీత మీదుగా పైనుంచి కిందికి 15 మిల్లీమీటర్ల ఎడంతో పది చోట్ల ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఆసాంతం వేయాలి. తర్వాత అదే రంధ్రాల మీద పైనుంచి 8 మిల్లీమీటర్ల డ్రిల్లును 20 మిల్లీమీటర్ల లోతు వరకే దించాలి. విప్పి చూస్తే ప్రతి పలకలోనూ సగం సగం గుంటలు ఉంటాయి. అడుగున మిగిలిన పది మిల్లీమీటర్ల సన్నని రంధ్రం, గుండు మధ్యలో తాడు దూరే బెజ్జం కోసం పెట్టే ఉక్కు పుల్లను నిటారుగా పట్టి ఉంచుతుంది. పైన పది గుంటలనూ కలుపుతూ ఒక పోత తొట్టి చెక్కించాలి. పుల్లలన్నీ ఒకే అడ్డ పట్టీకి బిగించి ఉంటే పదింటినీ ఒక్కసారే లాగవచ్చు. పుల్లలకు ప్రతి పోతకు ముందు కిరోసిన్ దీపపు మసి పట్టించండి, గుంటల లోపల కూడా పని మొదట్లో ఒకసారి అదే మసి చాలు. చల్లారేకొద్దీ సీసం పుల్లను బిగించి పట్టుకుంటుంది కాబట్టి, తొట్టిలో అద్దంలా మెరుస్తున్న సీసం మసకబారి, మరి కొద్ది క్షణాలు గడిచాక, ముందు పుల్లలను లాగి తర్వాత పలకలు విప్పాలి.

ఈ కొలతలతో వచ్చే గుండు బెజ్జం పోగా దాదాపు 10 గ్రాములు తూగుతుంది. విసురు వలకు వ్యాసార్ధంలో అడుగుకు 450 నుంచి 680 గ్రాముల సీసం అనేది వాడుకలో ఉన్న అంచనా. మీ ఆరడుగుల వలకు చుట్టుకొలత పదకొండున్నర మీటర్లు, బరువు మూడు నుంచి నాలుగు కిలోల మధ్య. అంటే సుమారు 340 గుళ్ళు, గుండుకూ గుండుకూ మధ్య మూడున్నర సెంటీమీటర్ల లోపు దూరం. చిలికా లాంటి లోతు తక్కువ, నిలకడ నీటిలో దీనికన్నా కొంత తగ్గించినా నడుస్తుంది; బాహుదా మొగ దగ్గర పోటు, పాటు లాగే చోట తగ్గించవద్దు, వల అంచు నేలకు తాకేలోగా చేప కింది నుంచి దాటిపోతుంది.

సీసం ఎక్కడి నుంచి తేవాలన్నదానికి నా జవాబు ఇది. పాత టెలిఫోన్ కేబుళ్ళ పైతొడుగు, పాత సీసపు రేకులు, తెగిన వలల నుంచి తీసిన గుళ్ళు ఉత్తమం. ఇవి మెత్తని సీసం. వల గుండుకు మెత్తదనమే కావాలి. తాడు మీద నొక్కితే పగలకుండా వంగాలి. కార్ల చక్రాలకు కొట్టే తూకపు ముక్కల్లో ఆంటిమొనీ అనే లోహం కలిసి ఉంటుంది, గట్టిగా, పెళుసుగా ఉంటాయి, వాటిలో ఇప్పుడు కొన్ని సీసమే కాదు, జింకు లేదా ఇనుము. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి సీసాన్ని 380 దాటనివ్వని మనిషికి ఆ ముక్కలు కరగకుండా పైన తేలతాయి, తీసి పారేయవచ్చు. మంట పెంచేవాడి పాత్రలో అవి కూడా కరిగి కలిసిపోతాయి, అప్పుడు ఆ సీసం గంజిలా ముద్దకట్టి ఏ అచ్చులోనూ నిండదు. పాత్ర వేడి అదుపులో ఉంచమనడానికి ఇది మరో కారణం.

బ్యాటరీ సీసం మాత్రం వద్దు. ఇందులో రాజీ లేదు. పలకల్లో ఉన్నది ఎక్కువభాగం సీసం కాదు, ఆమ్లంలో నానిన సీసపు లవణాలు. ఇంట్లో కరగబెడితే చేతికొచ్చే లోహం తక్కువ, గాలిలోకి, మట్టిలోకి పోయే విషం ఎక్కువ. పలకల్లో ఆర్సెనిక్, ఆంటిమొనీ, కాల్షియం ఉంటాయి. వాటి తెట్టుకు తడి తగిలితే ప్రాణాంతకమైన వాయువులు పుట్టవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. సెనెగల్ దేశంలోని థియారోయ్ సుర్ మేర్ అనే చోట, పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లెడ పట్టిన వాడలో 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. ఆ పిల్లలు సీసం కరగబెట్టలేదు, ఆ మట్టి ఉన్న వాకిళ్ళలో ఆడుకున్నారు.

నీటి జాగ్రత్త అన్నింటికన్నా తక్షణమైనది. నీటి బొట్టు సీసం పైన పడితే చిటపటలాడి ఎగిరిపోతుంది. అదే బొట్టు సీసం లోపలికి దిగితే పదహారు వందల రెట్లకు పైగా వ్యాకోచించి పాత్రలో ఉన్నదంతా మనిషి ముఖానికి విసురుతుంది. తెగిన వలల గుళ్ళలో ఈ ప్రమాదం దాగి ఉంటుంది. బెజ్జంలో ఉప్పునీరు, తాడు ముక్క, నత్తగుల్ల ఇరుక్కుని ఉంటాయి. వాటిని తాడు ముక్కలు తీసేసి, మంచి నీటిలో కడిగి, కొన్ని రోజులు మండుటెండలో ఎండబెట్టి, ఖాళీగా చల్లగా ఉన్న పాత్రలో వేసి, అప్పుడు మంట వెలిగించాలి. కరిగిన సీసంలోకి పాత గుండును ఎప్పుడూ విసరకండి. గరిటెను కూడా ముంచే ముందు పాత్ర అంచున వేడి చేయాలి. మబ్బు పట్టిన రోజున, ఉరుములు వినిపించే మే నెల సాయంత్రాల్లో పని పెట్టుకోకండి. చెమట చుక్క పాత్రలో పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకోండి.

ఒంటిమీద నూలు పూర్తి చేతుల చొక్కా, నూలు ప్యాంటు, ప్యాంటు కింది అంచు బూటు పైనుంచి పడేలా తోలు బూట్లు, మోచేతుల దాకా తోలు చేతితొడుగులు, ముఖానికి పారదర్శకపు కవచం ఉండాలి. నైలాన్ బట్ట, లుంగీ, చెప్పులు పనికిరావు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సీసపు ధూళి ఆగదు. తెట్టు తీసేటప్పుడు, పాక ఊడ్చేటప్పుడు కనీసం ఎన్95 మాస్కు ఉండాలి. ఊడ్చే ముందు నేలను తడపాలి, అది కూడా పొయ్యి, పాత్ర పూర్తిగా చల్లారిన మర్నాడు. తెట్టు తగ్గించడానికి సీసంలో చిన్న మైనపు ముక్క వేసి కలియబెడితే ఆ బూడిదలో చాలా భాగం మళ్ళీ సీసంగా మారుతుంది. పొగ వస్తుంది కాబట్టి గాలికి ఎదురుగా కాక, గాలి మీ వీపును తాకేలా నిలబడండి. మిగిలిన తెట్టును మూత ఉన్న ఇనుప డబ్బాలో దాచి, సీసం కొనే వ్యాపారికి ఇచ్చేయాలి. బావి దగ్గర గాని, కొబ్బరి చెట్టు మొదట్లో గాని పోయకూడదు.

పిల్లల విషయంలో సీసానికి సురక్షిత మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒంట్లోకి పోయిన సీసం ఎముకల్లో చేరి దశాబ్దాలపాటు ఉంటుంది, గర్భిణి రక్తం నుంచి బిడ్డకు చేరుతుంది. అందువల్ల పని జరిగే రోజున పిల్లలు, గర్భిణులు ఆ ఛాయలకు రాకూడదు. పని మధ్యలో టీ, చుట్ట, బీడీ, ఖైనీ ఏవీ ముట్టకండి. చేతిలోని సీసం నోట్లోకి పోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. అయిపోగానే చేతులు, ముఖం సబ్బుతో కడిగి, ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. సీసం తగిలిన గిన్నెను చింతపండుతో తోమి మళ్ళీ పులుసుకు వాడుకోవచ్చునని అనుకోవడం పెద్ద పొరపాటు. పులుపు సీసాన్ని కరిగించి కూరలోకి తెస్తుంది.

మీది ఉద్దానం ప్రాంతం కాబట్టి ఇంకొకటి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు, సీసమే కారణమని నేను అనడం లేదు. కాని సీసం మూత్రపిండాలను దెబ్బతీస్తుందన్నది తిరుగులేని విషయం, ఒంట్లోని సీసం బయటికి పోవలసింది ప్రధానంగా ఆ మూత్రపిండాల గుండానే. మీ ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే వారు ఈ పని దగ్గరికే రాకూడదు. మీకే ఉంటే గుళ్ళు కొనుక్కోండి, పోసుకోకండి. తరచూ ఈ పని చేసేవారు ఏడాదికొకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి.

పోత అయిపోయాక కూడా ఒక అలవాటు మార్చుకోవాలి. విసురు వల విసిరేటప్పుడు గుళ్ళ అంచును పళ్ళతో పట్టుకోవడం మన తీరమంతటా ఉంది. చాలామంది పెద్దవారు ఆ అంచును కొరికి కొరికి గుళ్ళమీద పళ్ళ గాట్లు పెట్టి ఉంటారు. ఆ గాట్లలోంచి పోయిన సీసం ఎక్కడికి చేరిందో వేరే చెప్పక్కరలేదు. అంచులో మూడోవంతును ఎడమ మోచేతి మీద వేసుకొని విసిరే పద్ధతి కొద్దిరోజుల సాధనతో వస్తుంది, వల అంతే గుండ్రంగా పడుతుంది. అలవాటు మానలేనివారు నోటికి వచ్చే చోట గుళ్ళు కట్టకుండా ఒక జానెడు తాడును ఖాళీగా వదలండి.

మీ రెండో వలకు, అంటే సముద్రంలో వేసే నైలాన్ వలకు, అసలు కరగబెట్టవలసిన పనే లేదు. దాని అడుగు తాడుకు బెజ్జం గుళ్ళకన్నా చుట్టలు మేలు. రెండు మిల్లీమీటర్ల మందం సీసపు రేకును నాలుగు సెంటీమీటర్ల పొడవు, తాడు చుట్టుకొలతకు సరిపడా వెడల్పు గల ముక్కలుగా రేకుకత్తెరతో కోసి, తాడు చుట్టూ వంచి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి బిగించండి. పొయ్యి లేదు, పొగ లేదు, తెట్టు లేదు. చేతితొడుగులు వేసుకుని, చేతులు కడుక్కుంటే చాలు. తాడు పాతబడినప్పుడు స్క్రూడ్రైవరుతో విప్పి కొత్త తాడుకు మళ్ళీ చుట్టవచ్చు. ఒక్కొక్క చుట్ట అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఆనుకునేలా చూడండి, లేకపోతే వల లాగేటప్పుడు కన్ను అందులో ఇరుక్కుని తెగుతుంది.